హైమవతికి చూచిన చదువుసంబంధము

ఆషాఢమాసము ప్రవేశించెను. ఎగువ కొండలయందలి యెఱ్ఱమన్నును తనలో కరగించుకొని వచ్చిన గోదావరి క్రొత్తనీరు ఆనకట్టకడ కాలువలలోనికి మరలి నిడదవోలు వంతెనలక్రింద కుంకుమ కలిపినట్లు సుళ్ళు తిరుగుచు పాఱుచుండెను. ఊరిచుట్టును నాట్లకై దున్నిన మడులలో నిలిచిన నీరు మేఘచ్ఛాయను వహించి నేల యేదో నింగి యేదో తెలియరాకుండ జేయుచుండ ఆ రెంటినడుమ కొంగలబారు తెల్లని దారముతో కుట్టు వేసినట్లు సాగిపోవుచుండెను. సంధ్యవేళ జడివాన కొంచెము తెఱపి యిచ్చినంతనే భీమవరము వైపు పోవు పాసింజరు కూత పెట్టి తడిసిన పట్టాలమీద మెల్లగా కదలెను. శూన్యమాస మగుటచే సన్నాయిలు గుడ్డసంచులలో నిదురించుచుండెను. పందిరి రాటలు పెరళ్ళలో నానుచుండెను. శ్రావణమువఱకు పెండ్లి యను మాట లేమింజేసి పురోహితులు సయితము గొడుగులు పట్టుకొని తీరికగా నడచుచుండిరి.

ఆ తీరిక మిక్కిలిగా కనబడు నిల్లు కాలువగట్టు వీథిలోని పుల్లేటికుర్తివారిది. గృహయజమాని కామేశంగారు రైల్వేలో టిక్కెట్ల గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. బహుసంవత్సరములు ఆ చిన్న కిటికీవెనుక కూర్చుండి యేయింటివారు ఏయూరికి పోవుచున్నారో, ఎవరు నవ్వుచు బండి యెక్కి యెవరు కన్నులు తుడుచుకొనుచు దిగుచున్నారో కనిపెట్టిన యా మహానుభావునకు జిల్లాలోని కుటుంబముల గుణగణములు కరతలామలకములయ్యెను. ఆ జ్ఞానము వ్యర్థము కానీయక ఆయన పెండ్లిసంబంధములు కుదుర్చుట వ్రతముగా పెట్టుకొనిరి. ప్రతిఫల మాశింపక పెండ్లినాడు పెట్టెడి పప్పన్నముతో తృప్తి పడెడి యా మధ్యవర్తిమాట యన్న జనులకు గుఱి యెక్కువ. వయసుతోడ కన్నులలోని నడిచూపు మసకవాఱినది. నడచుటకు చూపు చాలును గాని అక్షరము మాత్రము కనరాదు. అందుచే ప్రతిదినము దీపాలవేళ కోడలు హైమవతి వసారాలో ఆయన పడకకుర్చీ ప్రక్కను పీట వేసికొని వార్తాపత్రిక మొదలునుండి తుదివఱకు చదివి వినిపించుట ఆ యింటి యాచారము.

హైమవతి బీకాము మొదటియేడు చదువుచుండగా ఆ యింటికి కోడలై వచ్చెను. వచ్చిన మఱుసటి సంవత్సరమే అత్తగారు సుభద్రమ్మ పక్షవాతముచే మంచము పట్టెను. ఎవరును మానుమనలేదు, ఎవరును చదువుమనలేదు. ఒకనాడు తానే పుస్తకములను అటకమీద పెట్టి నిచ్చెన తీసివేసెను. అత్తగారికి స్నానము చేయించి తల దువ్వి ముద్దలు కలిపి పెట్టుచు, ఆమె నిదురించెడి వేళలలో ఊరకుండలేక ముత్యములు పూసలు దెచ్చి పెండ్లికూతుళ్ళకు పూలజడలు కట్టుటయు కొబ్బరిబొండములను అడ్డుతెరలను అలంకరించుటయు నేర్చెను. సుభద్రమ్మ కాలము చేయునప్పటి కా నేర్పు చిన్న వ్యాపారమై నలుగురు స్త్రీలకు పని కల్పించుచుండెను. భర్త లింగేశ్వరరావు గూడ్సుబండి నడుపు పైలటగుటచే ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో ఆయనకే తెలియదు. కూతురు వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. కావున సాధారణముగా ఆ యింట నిలిచి యుండువారు మామగారును కోడలును ఇద్దరే.

ఆ వేసవిలో హైదరాబాదునుండి పెద్ద పెండ్లిళ్ళు చేయించెడి సంస్థవా రొకరు వచ్చి హైమవతి పనితనమునకు ముచ్చటపడి సంవత్సరము పొడవునను తమకే పని చేయునట్లు ఒప్పందము వ్రాసి తెచ్చిరి. ఆమె ఆ కాగితములను రెండుదినములు త్రిప్పి త్రిప్పి చూచి తుదకు వలదని తిరిగి యిచ్చివేసెను. ఆ సంధ్యవేళ పత్రిక చదువుచు చదువుచు నడుమ ఆగి యిట్లనెను.

"మంచిదో చెడ్డదో నాకు తెలీలేదు మావయ్యగారూ. తెలిసి వద్దంటే బాగుండేది. భయమేసి వద్దన్నాను."

ఆ మాట కామేశంగారి గుండెలో ముల్లై నాటుకొనెను. ఇన్నియిండ్ల పిల్లలకు తగిన స్థానములు వెదకి పెట్టిన తాను తన యింటి పిల్లకు తగిన చదువొకటి వెదకలేనా యని ఆయన రాత్రియెల్ల తలపోసి ఉదయముననే వంటయింటి గడపకడ నిలిచి యడిగిరి.

"అమ్మాయ్, ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలెడతావా?"

"ఇప్పుడాండీ? ఈ వయసులో కాలేజీకెళ్తే పిల్లలు నన్ను లెక్చరరనుకుని లేచి నిలబడతారు."

"ఇంట్లో కూచునే చదవచ్చుట. ఫోనులో పెళ్ళిళ్ళే చూసేస్తున్నారు జనం, పాఠాలు చూడ్డానికేమొచ్చింది?"

హైమవతి నవ్వెను గాని పోపు మాడుచున్న సంగతిని గమనింపకుండెను. సంబంధములు కుదుర్చువారికి అంతకు మించిన సమ్మతి యక్కఱలేదు.

అది మొదలు వ్యాపారనిర్వహణమున డిగ్రీపట్టమును అంతర్జాలముద్వారా యొసంగు విద్యాలయముల విచారణ ఆ యింట వరాన్వేషణమువలెనే సాగెను. హైమవతి ఫోనులో వివరములు చదువుచుండ కామేశంగారు కన్నులు మూసికొని వినుచు ఒక్కొక్కదానికి పేరు పెట్టిరి. ఢిల్లీ సంబంధము, బెంగుళూరు సంబంధము, విశాఖ సంబంధము అని మూడు తేలినవి. మొదట గోత్రము చూడవలెనని ఆయన పట్టుపట్టిరి. గోత్ర మనగా యూజీసీవారి అనుమతి. సంస్థకు అనుమతి యున్నంతమాత్రమున చాలదనియు ఈ సంవత్సరమునకు ఈ కోర్సుకే యుండవలె ననియు తెలిసికొని హైమవతి యూజీసీవారి పట్టికలోనే స్వయముగా వెదకి మూటికిని కలదని నిర్ధారించెను. పిమ్మట వియ్యాలవారి పలకరింపులు మొదలయ్యెను. ఢిల్లీ సంబంధమువారి పక్షమున మాటలాడు యువకుడు ఉదయము సాయంకాలము అనక ఫోను చేయుచుండ ఒకనాడు కామేశంగారే దానిని అందుకొనిరి.

"సర్, ఈ రోజే చేరిపోండి సర్. ఫీజు తగ్గింపు రేపటికుండదు. సీట్లు కూడా రెండే మిగిలాయి."

"నీ పేరేంటి నాయనా?"

"రోహన్ సర్."

"రోహన్ బాబూ, జుట్టు నెరిసేదాకా సంబంధాలు చూసినవాణ్ణి. ఇవాళే తాంబూలాలు పుచ్చుకోండి, రేపైతే కుదరదు అన్నవాళ్ళింటికి నేను రెండోసారి వెళ్ళింది లేదు. అయినా ఎవరింట్లో వాళ్ళు కూచుని వినే క్లాసుకి సీట్లు రెండే మిగలడమేంటి బాబూ, కుర్చీలు మీరు పంపిస్తారా?"

అవతల ఆ పిల్లవాడు పక్కున నవ్వెను. ఆ నవ్వుతోడనే ఢిల్లీ సంబంధము తప్పిపోయెను.

ఇక మిగిలినవి రెండు. బెంగుళూరువారి పాఠములు ముందుగనే చిత్రీకరించి యుంచినవి. ఎప్పుడు తీరిక యైన నప్పుడు వినవచ్చును. హాజరు లేదు, గురువు కనబడడు, సందేహము కలిగిన యెడల వ్రాసి పంపినచో యంత్రము బదులిచ్చును. విశాఖవారి పాఠములు సాయంకాలము ఆఱున్నరనుండి యెనిమిదిన్నరవఱకు ప్రత్యక్షముగా జరుగును. గురువులు ముఖాముఖి బోధింతురు. ఒక యాదివారము మధ్యాహ్నము విశాఖవారు నమూనాగా నొక పాఠమును వినిపించిరి. వస్తువునకు వెల యెట్లు కట్టవలె నన్నది యందలి విషయము. అది ముగిసిన పిమ్మట హైమవతి అట్టముక్క వెనుకభాగమున పూలజడకు పట్టు పూసలు దారము చేతికూలి వేర్వేరుగా వ్రాసి కూడుకొని యింతకాలము తాను తన చేతిపనికి వెలయే కట్టలేదని తెలిసికొనెను. ఆ సాయంకాలము ముత్యములు గ్రుచ్చుచు ఆమె తనకు తెలియకయే కూనిరాగము తీసెను. సుభద్రమ్మ పోయిన పిమ్మట ఆ యింట పాట వినబడుట అదియే మొదలు. వసారాలో కుర్చీని కిఱ్ఱుకిఱ్ఱుమనిపించుచున్న కామేశంగారు ఆ రాగమునకు భంగము కలుగునను భీతిచే కుర్చీని కదలనీయక కాలూని నిలిపిరి.

అయినను మఱునాడు ఏది కుదుర్చుకొందమని యడిగినప్పుడు హైమవతి తడుముకొనకుండ "బెంగుళూరుదే బావుందండీ, మన వీలునిబట్టి వినొచ్చు" అని చెప్పి కందిపప్పు చెరుగుటకు పెరటిలోనికి పోయెను.

కామేశంగారికి నమ్మకము కుదరలేదు. పెండ్లిచూపులలో పిల్ల యొకని పేరు చెప్పి మఱియొకని తలచుకొని పాట పాడుట ఆయన యెఱుగని విషయము కాదు. అట్టి చోట్ల ఆయన పాటించు పద్ధతి యొకటి కలదు. వరుని బంధువులను అడుగరు, ఇరుగుపొరుగుల నడుగరు. ఆ యింటికి అంతకుముందే వెళ్ళియున్న కోడలిని పట్టుకొని యడుగుదురు. విశాఖ విద్యాలయమువారికి ఫోను చేసి సమీపమున మీ విద్యార్థు లెవరైన కలరా యని ఆరా తీయగా తణుకులో సువార్త యను నామె రెండవయేడు చదువుచు రొట్టెల దుకాణము నడుపుచున్నదని తెలిసెను. మఱుసటి దినము కామేశంగారు తెల్లని పంచె కట్టి భుజముమీద కండువా వేసికొనిరి.

"ఎక్కడికండీ?"

"తణుకు. ఓ సంబంధం ఉంది, చూసొస్తాను."

"ఆషాఢంలో సంబంధాలేంటి మావయ్యగారూ?"

"తాళి కట్టడానికి ఆషాఢం అడ్డంగాని అమ్మాయ్, ఆరా తియ్యడానిక్కాదు."

స్టేషనులో పూర్వపరిచయముగల పోర్టరొకడు ఆయనను చేయిపట్టి పెట్టెలో కూర్చుండబెట్టి తణుకులో దింపవలసినదని ప్రక్కవారికి అప్పగించెను. ఆ ప్రక్కవారు దింపుటయే గాక గొడుగు పట్టి దుకాణము వఱకు నడిపించిరి. చూపు తగ్గినకొలది లోకమున చేతులు పెరుగుచున్నవని ఆయన తలచి లోలోపల సంతసించిరి.

దుకాణములో వేడివేడి రొట్టెలవాసన నిండియుండెను. సువార్త ముప్పదియేండ్ల స్త్రీ. ఒకచేత పళ్ళెములు సర్దుచు ఒకచేత కొనువారికి పొట్లములు కట్టుచు ఆయనకు కుర్చీ చూపెను.

"చదువెలా ఉందమ్మా? దాపరికం లేకుండా చెప్పు."

"కష్టంగానే ఉంటాదండి. ఊరికే వినేసి ఊరుకుంటే ఒప్పుకోరు. లెక్క తప్పితే మొహమ్మీదే తిడతారు. నేనేడిసేను కూడానండి ఓసారి. కానండీ, అంతకుముందు పిండెంత పడతందో, సరుకెంత మిగిలిపోతందో నాకు తెలిసేది కాదండి. ఇప్పుడు పొద్దున్న షట్టరు తీసేటప్పుడు గుండె దడ లేదండి. అదొక్కటి చాలదాండి?"

"చాలును తల్లీ" అని ఆయన లేవబోవుచుండగా సువార్త ఊరు పేరు అడిగి నిడదవోలని వినినంతనే పొట్లము కట్టుట మానెను.

"నిడదవోలా అండి? పూలజడలు కడతారే, హైమవతిగారు, ఆవిడ మామగారా అండి మీరు? ఆవిడ మొన్నే కాలేజీవోళ్ళ దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ జేసేరండి. ఫీజు అడగలేదు, పరీక్షలు అడగలేదు. ఒక్కటే అడిగేరు, క్లాసు జరిగేటప్పుడు మధ్యలో ఓ గంట లేచి ఎల్లొచ్చా అని. కుదరదండి అన్నాను. అయితే నాకు రాసి లేదులేమ్మా, ఆ వేళకి మా మావయ్యగారికి పేపరు చదవాలి, వేడిగా వొండి పెట్టాలి అన్నారండి. గొంతు చిన్నబోయిందండి పాపం."

కామేశంగారు మరల కుర్చీలోనే కూర్చుండిరి. జీవితమున నెన్ని సంబంధములనో విచారించి వరునిలో వంక, వరుని తల్లిలో వంక, ఇంటిగోడలో వంక కనిపెట్టిన యా దిట్ట నేటికి వంక యంతయు ఆడుపెండ్లివారి యింటనే యున్నదనియు అది పడకకుర్చీలో పండుకొని దినదినము పత్రిక వినుచున్నదనియు తెలిసికొనిరి. సువార్త డబ్బు పుచ్చుకొనక రెండు తీపిరొట్టెలు పొట్లము కట్టి యాయన చేతిలో పెట్టెను. ఆ వెచ్చదనము నిడదవోలు చేరువఱకు అరచేతిని విడువలేదు.

నీవు నాకొఱకు మానవలదని చెప్పిన యెడల హైమవతి మీకొఱకు కాదని చెప్పును. ఆ సంగతి ఆయనకు బాగుగా తెలియును. మర్యాదస్థుల పంతము మూర్ఖుల పంతముకంటె గట్టిది. కావున త్రోవపొడవునను ఆలోచించిరి గాని ఉపాయమేమియు తోపకుండెను. దీపాలవేళ కోడలు యథాప్రకారము పీట వేసికొని పత్రిక మడత విప్పెను.

"ఇవాళ పేపరొద్దమ్మా. తణుకు సంబంధం సంగతి చెప్తాను. బేకరీ చూశాను. రొట్టెలు కూడా తెచ్చాను."

హైమవతి విప్పిన పత్రికను మరల మడచి ఒడిలో పెట్టుకొనెను.

"సువార్త చెప్పేసిందాండీ?"

"చెప్పింది. పిల్లాడు లక్షణంగా ఉన్నాడు. మన వైపే ఒక ముసలాడు అడ్డంగా పడుకున్నాడుట."

"అలా అనకండి మావయ్యగారూ. పొద్దుటినుంచీ మీరు ఎదురుచూసేది ఈ ఒక్క గంట కోసమే కదండీ. కళ్ళు కనబడని మనిషి, వార్తలైనా వినకపోతే ఎలా తోస్తుంది?"

కామేశంగారు కుర్చీలో లేచి కూర్చుండిరి.

"నేను ఎదురుచూడ్డమా? ఆ వార్తలన్నీ నేను పొద్దున్నే రేడియోలో వినేస్తానమ్మా, నువ్వు పెరట్లో తులసికోట దగ్గర ముగ్గేస్తున్నప్పుడు!"

"మరి రోజూ ఊఁ, ఆఁ, ఆ తర్వాతో అంటారు?"

"నీకు చదవడం ఇష్టం కదాని! పుస్తకాలు ఎలాగూ అటకెక్కిపోయాయి, పేపరైనా చదువుకుంటోందిలే పిల్ల, మధ్యలో లేచిపోతే చిన్నబుచ్చుకుంటుందని కూచునేవాణ్ణి. నడుం నొప్పెట్టినా కూచునేవాణ్ణి."

"నాకు ఇష్టమా? ఆ కొట్లాటలు, ఆ తిట్టుకోడాలు... నాకు పేపరంటే తలనొప్పండీ బాబూ! మీకోసం కదా చదువుతున్నాను!"

ఇరువురును ఒకరినొకరు చూచుకొనిరి. వినుటకు ఇష్టము లేనివారు వినుచు చదువుటకు ఇష్టము లేనివారు చదువుచు గడపిన యా సంధ్య లన్నియు వారి నడుమ ఒక్కసారిగా వచ్చి నిలిచినట్లయ్యెను. ముందుగా నవ్విన వా రెవరో చెప్పజాలము. వసారాలో ఆరవేసిన అడ్డుతెర కదలునంత గట్టిగా నవ్విరి. నవ్వుచు నవ్వుచునే హైమవతి కొంగుతో కన్నులు తుడుచుకొనెను. ఆయన అది కనబడనట్లు ముఖము త్రిప్పుకొనిరి. అట్టి వేళల ఆ మసకచూపు ఆయనకు మంచి మఱుగు.

"మరి మీ భోజనమండీ? మీకు చల్లారింది పడదు."

"ఎనిమిదిన్నరకి లేస్తావుగా, అప్పుడే తింటాను. మెయిలు లేటైతే నా తిండీ లేటే, ఉద్యోగమంతా అలాగే గడిచింది. కడుపుకి కొత్తేం కాదు."

"అప్పటిదాకా మీకేం తోస్తుంది?"

"నీ పాఠం వింటాను. అర్థమైతే సంతోషం. అర్థం కాకపోతే నిద్దరొస్తుంది, అదీ సంతోషమే."

ఎక్కడనో దారిలో బండి నిలిచియున్న సమయమున లింగేశ్వరరావునకు ఫోనులో ఈ వార్త తెలియజేయగా "నాన్నగారు చూసిన సంబంధం, ఇంక నన్నడుగుతావేంటి? నాకూ ఆయనే గదా చూసి చేశారు, నేనేమైనా నష్టపోయానా?" అని అతడు బదులు చెప్పెను. శ్రావణమాసము వచ్చిన పిమ్మటనే చేరవలెనని కామేశంగారు కోరిరి. గడువు మిగిలియుండుటచే హైమవతి ఆ కోరికను మన్నించెను. మొదటి శుక్రవారమున దేవునికి దీపము పెట్టి విశాఖ విద్యాలయమున తన పేరు నమోదు చేసికొనెను.

పాఠములు మొదలైన సాయంకాలమున వాన మరల వచ్చెను. పెండ్లిళ్ళ ఋతువు తిరిగివచ్చుటచే ముందుగది నిండ అలంకరించిన కొబ్బరిబొండములు బారులు తీరియుండ హైమవతి వానిలో నొకదాని కానించి ఫోను నిలిపి చాపమీద కూర్చుండెను. కామేశంగారు వసారాలో తమ కుర్చీలో ఒదిగి చూరునుండి జాఱు ధారల నడుమ లోపలి మాటలను ఆలకించుచుండిరి. పెట్టుబడి, లాభము, నష్టభయము అను శబ్దములు ఒండొంటిని తఱుముకొనుచు వచ్చుచుండెను. ఆయనకు సగమైన బోధపడకుండెను. ఆకలియు కొంచెము వేయుచుండెను. కన్నులు మూతపడు సమయమున లోపలినుండి ఒక గొంతు వినబడెను.

"ఎందుకండీ?"

ఎవరిదో క్రొత్తపిల్ల గొంతని ఆయన మొదట తలచిరి. తరువాత తెలిసెను. మందు ఇమ్మన్నను మంచము మార్చుమన్నను అర్ధరాత్రమున చుట్టములు దిగినను అన్నిటికిని అట్లేయండి యను నొక్కమాటతో బదులు చెప్పుట తప్ప మఱియొకటి యెఱుగని గొంతది. ఆ యింటి కప్పుక్రింద అది ప్రశ్నయై పలుకుట ఆయన చెవులు ఏనాడును వినలేదు.

"అదెందుకలా అవుతుందండీ? నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, ఇంకోసారి చెప్పండి" అని హైమవతి మరల గట్టిగా నడిగెను.

గురువు చెప్పిన సమాధానము వానహోరులో కలిసిపోయి వసారావఱకు రాలేదు. కామేశంగారు ఆకలి మఱచి, నిదుర మఱచి, రెండవ ప్రశ్నకై చెవి యొగ్గి కూర్చుండిరి.